పెళ్ళి లైవ్ మధ్యలో ఆగకూడదంటే: ఉబుంటు స్టూడియోలో ఏ వీడియో మిక్సర్ వాడాలి?

ఎపిసోడ్ కొంచెం పెద్దది, ముందే చెప్పేస్తున్నా. టీ పెట్టుకుని కూర్చోండి.

పోయినసారి పాత ల్యాప్‌టాప్ మీద ఉబుంటు స్టూడియో వేసుకోవడం గురించి మాట్లాడుకున్నాం కదా. అది చూసినవాళ్ళలో చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, వేసేశాం. ఇప్పుడు రెండు మూడు కెమెరాలు పెట్టి లైవ్ ఇవ్వాలంటే అందులో ఏది వాడాలి? ఓపెన్ సోర్స్‌లో మంచి మిక్సర్ ఉందా, లేకపోతే మళ్ళీ విండోస్‌కి వెళ్ళి క్రాక్ వేసుకోవాలా?" ఆ చివరి ముక్క దగ్గర నాకు కడుపులో దేవినట్టు అయింది. ఎందుకో ముందు అది చెప్తాను. తర్వాత సాఫ్ట్‌వేర్ సంగతి.

మా పెదనాన్న కూతురు, అంటే మా అక్క పెళ్ళి. గుంటూరులో కళ్యాణ మండపం. మా నాన్నమ్మ తెనాలి పక్కన పల్లెలో మంచం మీద ఉంది, తుంటి ఎముక విరిగి. కదిలించకూడదన్నారు డాక్టర్లు. "నువ్వేదో ఫోన్లో చూపిస్తావంటగా, చూపించరా చాలు" అంది నాతో. నేను రెండు ఫోన్లు, ఒక హ్యాండీక్యామ్, ఒక క్యాప్చర్ కార్డు వేసుకుని వెళ్ళాను. ల్యాప్‌టాప్‌లో డబ్బులు పెట్టి కొనాల్సిన ఒక మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. కొనలేదు. ఫ్రెండ్ ఇచ్చిన క్రాక్. ఇంట్లో పదిసార్లు టెస్ట్ చేశా, బ్రహ్మాండంగా పని చేసింది.

ముహూర్తం రాత్రి 2 గంటల 14 నిమిషాలకి. 2 గంటల 10కి స్క్రీన్ మొత్తం నల్లగా అయిపోయి లైసెన్స్ చెల్లదని మెసేజ్. మండపంలో వైఫైకి కనెక్ట్ చేశాను కదా, అది వెళ్ళి ఎక్కడో చెక్ చేసుకుంది. ఇంట్లో నేను నెట్ లేకుండా టెస్ట్ చేశాను, అందుకే అక్కడ బయటపడలేదు. రీస్టార్ట్ చేశా. మళ్ళీ అదే. చివరికి ఒక ఫోన్ చేత్తో పట్టుకుని దాని నుంచే డైరెక్ట్‌గా లైవ్ పెట్టేసరికి 20 నిమిషాలు. జీలకర్ర బెల్లం అయిపోయింది. అప్పటిదాకా అయిన రికార్డింగ్ కూడా ఎంపీ4 ఫైల్, సాఫ్ట్‌వేర్ మధ్యలో చచ్చిపోయింది కాబట్టి ఆ ఫైల్ ఇప్పటికీ తెరుచుకోదు.

మర్నాడు ఇంటికి వెళ్తే నాన్నమ్మ అంది, "ఒరేయ్ నాన్నా, తల మీద చెయ్యి పెట్టే వేళకి బొమ్మ పోయిందిరా" అని. కోపంగా కాదు, మామూలుగానే. ఫర్లేదు, వీడియోగ్రాఫర్ తీశాడుగా, పెన్‌డ్రైవ్ రాగానే చూపిస్తానన్నా. పెన్‌డ్రైవ్ రావడానికి రెండు నెలలు పట్టింది. అప్పటికి ఆవిడ లేదు.

తప్పు ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీది కాదు, నాది. వాళ్ళ సరుకు వాళ్ళు కాపాడుకున్నారు. కానీ అప్పుడు ఒకటి అనుకున్నా: ముహూర్తం వేళకి ఇంకొకడి సర్వర్‌ని అడిగి పని చేసే సాఫ్ట్‌వేర్ నా దగ్గర ఉండకూడదు. ఓపెన్ సోర్స్ అంటే ఫ్రీ అని మనలో చాలామంది ఇష్టపడతాం. నాకు మాత్రం అసలు లాభం ఇదే. దాన్ని ఆపే తాళంచెవి ఇంకెవరి దగ్గరా ఉండదు.

సరే, ఇప్పుడు విషయంలోకి. ఉబుంటు స్టూడియో తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో: ఇది ఉబుంటు కుటుంబంలోదే, అఫీషియల్ ఫ్లేవర్ అంటారు. 2007లో మొదలైంది. ఆడియో, వీడియో, గ్రాఫిక్స్, ఫోటో పనులు చేసేవాళ్ళకి కావాల్సిన సాఫ్ట్‌వేర్లు ముందే వేసి ఇస్తారు. 2020 అక్టోబర్‌లో వచ్చిన 20.10 నుంచి డెస్క్‌టాప్ కేడీఈ ప్లాస్మా. ఐఎస్ఓ ఫైల్ 5 జీబీ పైమాటే, కాబట్టి మొబైల్ డేటాతో దిగొద్దు, ఎవరింట్లోనైనా బ్రాడ్‌బ్యాండ్ ఉంటే అక్కడ దించుకోండి. ఇప్పటికే మామూలు ఉబుంటు ఉంటే అంత కూడా అక్కర్లేదు, ఉబుంటు స్టూడియో ఇన్‌స్టాలర్ అనే చిన్న ప్రోగ్రామ్ వేసుకుని వీడియో భాగం మాత్రమే తెచ్చుకోవచ్చు.

ఇలాంటి సిస్టమ్ తయారుచేసేవాళ్ళకి ఒక తలనొప్పి ఉంటుంది. ప్రతి పనికీ నాలుగైదు ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. అన్నీ వేస్తే ఐఎస్ఓ 15 జీబీ అవుతుంది, మెనూ తెరిస్తే కొత్తవాడికి కళ్ళు తిరుగుతాయి. కాబట్టి ఒక్కో పనికి ఒకటి ఎంచుకోవాలి. లైవ్ వీడియో మిక్సింగ్‌కి ఏది? నేను నా ల్యాప్‌టాప్ కోసం ఇదే ప్రశ్న వేసుకుని, దొరికినవన్నీ వేసి చూశా. దాదాపు రెండు నెలలు పట్టింది.

మొదట్లో నేను చేసిన పొరపాటు ఏంటంటే, "లైవ్ వీడియో మిక్సింగ్" అనే పేరు కింద అసలు మూడు వేరే పనులు ఉన్నాయని తెలుసుకోకపోవడం. ఒకటి, మన పెళ్ళి లైవ్, గేమింగ్, క్లాసులు లాంటివి. కెమెరాలు మార్చాలి, పేర్లు వేయాలి, మైకు కలపాలి, యూట్యూబ్‌కి పంపాలి, పక్కన రికార్డ్ అవ్వాలి. రెండోది కాన్ఫరెన్స్ రికార్డింగ్. ఒక స్టేజీ, ఒక స్పీకర్, ఒక స్లైడ్ స్క్రీన్, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా, పదిమంది వాలంటీర్లు షిఫ్టుల్లో నడుపుతారు. మూడోది వీజే పని. డీజే పాట కలిపినట్టు వీజే బొమ్మలు కలుపుతాడు, వెనక పెద్ద స్క్రీన్ మీద. వీడికి యూట్యూబ్ అక్కర్లేదు, మైకు అక్కర్లేదు, బొమ్మ మీద బొమ్మ కరిగిపోతూ ఉండాలి అంతే. ఒకడికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఇంకొకడికి చిరాకు పుట్టిస్తుంది.

వీజే వాళ్ళవి త్వరగా చెప్పేస్తా. ఈ ఏరియాలో ఓపెన్ సోర్స్‌కి పాత చరిత్రే ఉంది. 2000ల మొదట్లో డైన్‌బోలిక్ అని ఒక లైవ్ సీడీ లినక్స్ వచ్చింది, ఇన్‌స్టాల్ చేయకుండా సీడీ పెట్టి బూట్ చేస్తే పాత కంప్యూటర్ కూడా మీడియా స్టూడియో అయిపోయేది. క్రియేటివ్ పనులకే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ అనే ఆలోచనకి అది పెద్దన్న లాంటిది. దాని చుట్టూ ఉన్న డైన్ బృందమే ఫ్రీజే అనే వీడియో మిక్సర్ చేసింది. స్క్రిప్ట్ రాసి నడిపించొచ్చు. చాలా బాగుండేది అంటారు. కానీ పని ఎప్పుడో ఆగిపోయింది. వీజే అనే పేరుతోనే ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, లైవ్స్ అని వీడియో ఎడిటరూ వీజే టూలూ కలిసినట్టు ఉండేది ఒకటుంది. నాకు రెండూ చేతికి అలవాటు కాలేదు, అంతకంటే చెప్పలేను.

ఈ గుంపులో నాకు నచ్చింది విమిక్స్. పేరు దగ్గరగా ఉన్న ఇంకో విండోస్ సాఫ్ట్‌వేర్ ఉంది, అది వేరు, కన్‌ఫ్యూజ్ అవ్వకండి. విమిక్స్‌లో స్క్రీన్ మీద ఒక పెద్ద వృత్తం ఉంటుంది. మీ ఒక్కో వీడియో ఒక చిన్న బొమ్మ. దాన్ని మౌస్‌తో వృత్తం మధ్యకి లాగితే పూర్తిగా కనిపిస్తుంది, అంచుకి లాగేకొద్దీ మసకబారుతుంది, బయటికి లాగేస్తే మాయం. అంతే. బటన్లు లేవు, స్లైడర్లు లేవు. మా కజిన్‌కి, వాడు తొమ్మిదో తరగతి, ఏమీ చెప్పకుండా ముందు పెట్టా. రెండు నిమిషాల్లో పట్టేశాడు. బతుకమ్మకో గణేశ్ మండపానికో వెనక ఎల్ఈడీ స్క్రీన్ పెట్టి బొమ్మలు నడపాలంటే దీన్ని తప్పకుండా చూడండి. కానీ పెళ్ళి లైవ్‌కి కాదు. దాని ధ్యాసంతా బొమ్మ మీదే, మైకులు కలిపి యూట్యూబ్‌కి పంపే పని దాని కోసం కాదు.

ఇప్పుడు రెండో రకం, కాన్ఫరెన్స్. ఇక్కడ రాజు వాక్టోమిక్స్. జర్మనీలో కేయాస్ కంప్యూటర్ క్లబ్ అని ఒకటుంది, వాళ్ళ ఈవెంట్లు రికార్డ్ చేసే వీడియో టీమ్ దీన్ని పైథాన్‌లో, జీస్ట్రీమర్ మీద రాసుకుంది. డెబియన్ వాళ్ళ వార్షిక సదస్సు డెబ్‌కాన్ఫ్ వీడియో టీమ్ కూడా ఇదే వాడుతుంది. డెబ్‌కాన్ఫ్ 2023లో మన దేశంలోనే జరిగింది, కొచ్చిలో. ఆ వీడియోలు నెట్‌లో ఉన్నాయి, చూడండి, స్పీకర్ చిన్నగా పక్కన, స్లైడ్ పెద్దగా, ఎక్కడా గజిబిజి లేకుండా ఉంటుంది.

వాక్టోమిక్స్ ఆలోచన నాకు భలే నచ్చింది. దాన్ని రెండు ముక్కలు చేశారు. అసలు మిక్సింగ్ చేసేది ఒక ప్రోగ్రామ్, కోర్ అంటారు. బటన్లు చూపించేది ఇంకో ప్రోగ్రామ్. బటన్ల ప్రోగ్రామ్ క్రాష్ అయిపోయినా, ఎవరైనా పొరపాటున మూసేసినా, కోర్ నడుస్తూనే ఉంటుంది, లైవ్ ఆగదు. మళ్ళీ తెరిస్తే చాలు. నా అక్క పెళ్ళి రోజు తలుచుకుంటే దీని విలువేంటో నాకు తెలుస్తుంది. ఇంకోటి, దాంట్లో మీరు ఎక్కువ చేయలేరు, కావాలనే అలా పెట్టారు. ఫుల్ స్క్రీన్, పక్కపక్కన, మూల చిన్న బొమ్మ, ఇలా ముందే కాన్ఫిగర్ చేసిన లేఅవుట్లు మాత్రమే. పది నిమిషాలు ట్రైనింగ్ ఇచ్చిన వాలంటీర్ కూడా పాడు చేయలేడు.

మరి ఎందుకు వద్దన్నాను? దానికి ఇన్‌పుట్ కంప్రెస్ చేయని వీడియోగా ఇవ్వాలి. లెక్క చూడండి. 1080పీ అంటే 1920 ఇంటూ 1080 పిక్సెళ్ళు. ఒక్కో పిక్సెల్‌కి సగటున ఒకటిన్నర బైట్. సెకనుకి 25 ఫ్రేములు. గుణిస్తే సెకనుకి దాదాపు 78 ఎంబీ. బిట్లలో చెప్తే సుమారు 620 ఎంబీపీఎస్. అది ఒక్క కెమెరాకి! రెండు కెమెరాలు వేరే కంప్యూటర్ల నుంచి నెట్‌వర్క్ మీద పంపితే గిగాబిట్ కేబుల్ కూడా చాలదు. మన వైఫై ఫోన్ల సంగతి అడగకండి. పైగా సెటప్ అంతా కాన్ఫిగ్ ఫైళ్ళు, స్క్రిప్టులు. టీమ్, మంచి మెషీన్లు ఉన్న కాలేజీ ఫెస్ట్‌కి ఓకే. ఒక్కడే ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని ఆటోలో వెళ్ళేవాడికి కాదు.

దీనికి ముందు డెబ్‌కాన్ఫ్ వాళ్ళు డీవీస్విచ్ అనేది వాడేవాళ్ళు. ఫైర్‌వైర్ కేబుల్, డీవీ క్యామ్‌కార్డర్ల కాలం నాటిది. ఆ కెమెరాలు పోయాయి, దాంతో అదీ పోయింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఓపెన్ సోర్స్‌లో ఎంచుకునేటప్పుడు ఫీచర్ల కంటే ముందు చూడాల్సింది ఇదే: ఆ ప్రాజెక్ట్ బతికి ఉందా? కోడ్ అందరిదీ అయినంత మాత్రాన ఎవరో ఒకరు దాన్ని కాలంతో పాటు నడిపించకపోతే లాభం లేదు. ఒక ఉదాహరణ. చాలా లినక్స్ సాఫ్ట్‌వేర్లు బటన్లు, విండోలు గీయడానికి క్యూటీ అనే లైబ్రరీ వాడతాయి. ఉబుంటు 20.04 వచ్చేసరికి పాతబడిన క్యూటీ4ని తీసేశారు. క్యూటీ5కి మారకుండా మిగిలిపోయిన ప్రోగ్రాములన్నీ దాంతో పాటే ఉబుంటు నుంచి బయటికి పోయాయి. ఒక్క ఫీచర్ కూడా చెడిపోలేదు, కానీ ఇక ఇన్‌స్టాల్ అవ్వవు. అందుకే నేను ఏ సాఫ్ట్‌వేర్ అయినా వేసే ముందు దాని చివరి రిలీజ్ ఎప్పుడొచ్చిందో చూస్తా. మూడేళ్ళ పాతదైతే పెళ్ళికి తీసుకెళ్ళను.

ఇక అందరూ ఎదురు చూస్తున్న పేరు, ఓబీఎస్ స్టూడియో. "అన్నా, ఇది చెప్పడానికి ఇంతసేపా" అనకండి. 2012లో హ్యూ బెయిలీ అనే డెవలపర్, అందరూ జిమ్ అంటారు, మొదలుపెట్టాడు. మొదట విండోస్‌కి మాత్రమే. తర్వాత మొత్తం తిరగరాసి లినక్స్, మ్యాక్‌లకి కూడా తెచ్చారు. జీపీఎల్ లైసెన్స్. ఉబుంటు స్టూడియోలో ఇప్పుడు ముందే వేసి వస్తుంది. అంటే ఆ ఐఎస్ఓ తయారుచేసేవాళ్ళు కూడా చివరికి దీని దగ్గరికే వచ్చారన్నమాట. నేనూ అక్కడికే వచ్చాను. కానీ అందరూ వాడుతున్నారు కదా అని కాదు, నా కారణాలు నాకున్నాయి.

మొదటిది స్టూడియో మోడ్. స్క్రీన్ రెండుగా చీలుతుంది. ఎడమ వైపు రాబోయేది, కుడి వైపు జనం చూస్తున్నది. ఎడమ వైపు ఎంత కెలికినా లైవ్‌లో కనపడదు. సరిగ్గా ఉందనుకున్నాక ట్రాన్సిషన్ నొక్కితే అది ఇటు వస్తుంది. టీవీ స్టేషన్లలో ప్రివ్యూ, ప్రోగ్రామ్ అంటారే, అదే. కెమెరా ముందు ఎవరో పెద్దాయన వీపు అడ్డం వచ్చిందనుకోండి, ముందే తెలిసిపోతుంది.

రెండోది రికార్డింగ్. ఓబీఎస్‌లో రికార్డింగ్ ఫార్మాట్ ఎంకేవీ పెట్టుకోండి. ఎంపీ4లో ఫైల్ చదవడానికి కావాల్సిన పట్టిక రికార్డింగ్ ఆపినప్పుడు చివర్లో రాస్తారు. మధ్యలో కరెంట్ పోయినా, హ్యాంగ్ అయినా ఆ పట్టిక ఉండదు, మూడు గంటల పెళ్ళి పనికిరాని ఫైల్ అయిపోతుంది. నా దగ్గర ఉన్నది అదే. ఎంకేవీ అలా కాదు, ఎక్కడ ఆగితే అక్కడిదాకా ప్లే అవుతుంది. ఇంటికొచ్చాక ఫైల్ మెనూలో రీమక్స్ నొక్కితే నిమిషాల్లో ఎంపీ4 అయిపోతుంది, క్వాలిటీ తగ్గదు. 2024లో వచ్చిన 30.2 వెర్షన్ నుంచి హైబ్రిడ్ ఎంపీ4 అని ఈ ఇబ్బంది లేని కొత్త రకం కూడా ఇచ్చారు. నేను ఇంకా ఎంకేవీనే వాడుతున్నా, భయం పోలేదు.

మూడోది, మన దగ్గర ఉన్న మెషీన్లతో పని చేయడం. నాది ఐ5, 8 జీబీ ర్యామ్, వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు. వీడియోని లైవ్‌కి కంప్రెస్ చేసే పని ప్రాసెసర్ మీద వేస్తే ఫ్యాన్ హెలికాప్టర్ లాగా తిరుగుతుంది. సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌లో ఎన్‌కోడర్ దగ్గర ఎక్స్264 బదులు వీఏఏపీఐ కనిపిస్తే అది పెట్టండి. ఇంటెల్ చిప్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ ఆ పని చేస్తుంది. ఎన్విడియా ఉన్నవాళ్ళకి ఎన్‌వెంక్ వస్తుంది, కానీ దానికి కంపెనీ ఇచ్చే క్లోజ్డ్ డ్రైవర్ వేయాలి. ఓపెన్ సోర్స్ ఎపిసోడ్‌లో ఈ మాట చెప్పాల్సి రావడం నాకూ ఇష్టం లేదు, కానీ నిజం అదే.

సరే, ఫోన్లు కెమెరాలుగా ఎలా? దీనికి రెండు దారులు. కేబుల్ దారి: ఎస్‌సీఆర్‌కాపీ అనే ఓపెన్ సోర్స్ టూల్ ఉంది. మామూలుగా ఫోన్ స్క్రీన్‌ని కంప్యూటర్‌లో చూపించడానికి వాడతారు. కానీ ఆండ్రాయిడ్ 12, ఆ పైన ఉన్న ఫోన్లలో కెమెరాని కూడా తెస్తుంది. లినక్స్‌లో అయితే దాన్ని నేరుగా వెబ్‌క్యామ్ లాగా మార్చేయొచ్చు. ఓబీఎస్‌లో వీడియో క్యాప్చర్ డివైస్ దగ్గర కనిపిస్తుంది. ఫోన్ చార్జ్ కూడా అవుతూ ఉంటుంది, అది బోనస్. వైఫై దారి: వీడీఓ నింజా. యాప్ కూడా అక్కర్లేదు, ఫోన్ బ్రౌజర్‌లో తెరిస్తే ఒక లింక్ ఇస్తుంది, దాన్ని ఓబీఎస్‌లో బ్రౌజర్ సోర్స్‌గా పెట్టాలి. ఫోన్, ల్యాప్‌టాప్ ఒకే వైఫైలో ఉంటే బొమ్మ మామూలుగా నేరుగా వాటి మధ్యే వెళ్తుంది.

ఇక్కడ ఒక చిక్కు. మీ ఓబీఎస్‌లో సోర్సుల కింద ప్లస్ నొక్కి చూడండి, బ్రౌజర్ అనే మాట ఉందా? డెబియన్, ఉబుంటు సొంతంగా కట్టిన ప్యాకేజీల్లో చాలాకాలం ఇది లేదు. నేను దీని మీద ఒక ఆదివారం మొత్తం తగలేశా. లేకపోతే ఫ్లాట్‌హబ్ నుంచి ఓబీఎస్ వాళ్ళే ఇచ్చే ఫ్లాట్‌ప్యాక్ వేసుకోండి, అందులో ఉంటుంది.

ఇప్పుడు మన భాషకి సంబంధించిన గొడవ. ఇది ఇంగ్లీష్ ట్యుటోరియల్స్‌లో ఎవరూ చెప్పరు. లినక్స్ ఓబీఎస్‌లో టెక్స్ట్ వేయడానికి ఫ్రీటైప్ 2 అనే సోర్స్ ఉంటుంది. అందులో "లక్ష్మి" అని రాయండి. ఒత్తులు విడిపోతాయి, అక్షరాలు దేనికదే నిలబడతాయి. "శ్రీ" కూడా అంతే. ఎందుకంటే అది ఒక్కో అక్షరాన్ని విడివిడిగా తెచ్చి పక్కన పెడుతుంది తప్ప, మన ఒత్తులు కింద ఎలా అమరాలో చూసుకోదు. ఫాంట్ మార్చినా లాభం లేదు. శుభలేఖలో తప్పు పడితే ఊరుకోని మనవాళ్ళు స్క్రీన్ మీద పెళ్ళికూతురి పేరు ముక్కలైతే ఊరుకుంటారా? నేను చేసేది ఏంటంటే, ఉబుంటు స్టూడియోలోనే ఇంక్‌స్కేప్, జింప్ ఉంటాయి కదా, అందులో పేర్లు రాసి, వెనక పారదర్శకంగా ఉంచి పీఎన్‌జీగా సేవ్ చేసి, ఓబీఎస్‌లో ఇమేజ్ సోర్స్‌గా పెడతా. వాటిలో తెలుగు సరిగ్గా వస్తుంది. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. రామభద్ర లావుగా ఉంటుంది కాబట్టి చిన్న ఫోన్ స్క్రీన్ మీద కూడా చదవచ్చు.

డేటా లెక్క కూడా చెప్పాలి, మనకి ఇది ముఖ్యం. నేను 720పీ, 2500 కేబీపీఎస్ పెడతా, ఆడియో 128. గంటకి సుమారు 1.2 జీబీ. రోజుకి 2 జీబీ ప్యాక్ మీద హాట్‌స్పాట్ పెడితే గంటా నలభై నిమిషాల్లో ఖాళీ. మూడు గంటల పెళ్ళికి మూడున్నర జీబీ. ముందే డేటా వోచర్ వేయించుకోండి. 1080పీకి వెళ్ళకండి, చూసేవాళ్ళలో ఎక్కువమంది ఫోన్లోనే చూస్తారు. మండపంలో వైఫై ఉందని నమ్మొద్దు, రెండొందల మంది ఒకేసారి రీల్స్ చూస్తుంటారు.

మాట, పెదాలు కలవకపోవడం ఇంకో సమస్య. ఫోన్ వీడియో కొంచెం ఆలస్యంగా వస్తుంది, మైకు వెంటనే వస్తుంది. కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొట్టి రికార్డ్ చేసి చూడండి. ఎంత తేడా ఉందో అంత, మిల్లీసెకన్లలో, అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో సింక్ ఆఫ్‌సెట్ దగ్గర వేయండి. నాకు సాధారణంగా 200 దగ్గర కుదురుతుంది, మీది వేరే ఉండొచ్చు.

ఓబీఎస్‌లో నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. వాక్టోమిక్స్ లాగా కోర్ వేరు, బటన్లు వేరు కాదు, విండో పోతే అంతా పోతుంది. వేలాండ్ డెస్క్‌టాప్‌లో ఓబీఎస్ విండో వెనక ఉన్నప్పుడు షార్ట్‌కట్ కీలు పని చేయవు, ఎక్స్11లో లాగిన్ అయితే చేస్తాయి. ప్లగిన్లు విపరీతంగా ఉన్నాయి, కనపడినవన్నీ వేస్తే ఏది క్రాష్ చేసిందో తెలియదు. నా మెషీన్‌లో ఒక్కటి కూడా వేయలేదు.

పోయిన మాఘమాసంలో మా పిన్ని కూతురి పెళ్ళికి ఈ సెటప్‌తోనే వెళ్ళా. ఉబుంటు స్టూడియో 24.04, ఓబీఎస్, రెండు ఫోన్లు, పాత హ్యాండీక్యామ్. తలంబ్రాలప్పుడు కరెంట్ పోయింది. జనరేటర్ అందుకునేలోపు రౌటర్ ఆఫ్. ఓబీఎస్ కింద రీకనెక్టింగ్ అని చూపిస్తూ నిలబడింది, రౌటర్ రాగానే తనంతట తనే మళ్ళీ లైవ్‌లోకి వెళ్ళింది. రెండు నిమిషాలు లోపం. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద రికార్డింగ్ మాత్రం ఆగలేదు, ఆ రెండు నిమిషాలు కూడా ఎంకేవీలో ఉన్నాయి. ఆ రాత్రే వాట్సాప్‌లో డల్లాస్‌లో ఉన్న బాబాయికి పంపించా.

మొదటిసారి చేసేవాళ్ళకి: యూట్యూబ్‌లో లైవ్ ఆప్షన్ ఆన్ చేస్తే అది యాక్టివేట్ అవ్వడానికి 24 గంటల దాకా పడుతుంది. పెళ్ళి రోజు పొద్దున గుర్తొస్తే ఏమీ చేయలేరు. సినిమా పాటలు గట్టిగా పెట్టే సంగీత్ లాంటివి లైవ్‌లో కాపీరైట్ కింద ఆగిపోయే అవకాశం ఉంది, అప్పుడు ఓబీఎస్‌లో డీజే లైన్ తగ్గించి మనుషుల మైకు మాత్రమే ఉంచండి. సన్నాయి మేళం అక్కడే వాయిస్తున్నారు కాబట్టి దాంతో ఇంత గొడవ ఉండదు. ముందు రోజు అదే ల్యాప్‌టాప్, అదే ఫోన్లు, అదే నెట్‌తో అన్‌లిస్టెడ్‌గా గంటసేపు లైవ్ పెట్టి, వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళకి లింక్ పంపి చూడమనండి. అదే నెట్ అని ఎందుకు నొక్కి చెప్తున్నానో మీకు తెలుసు.

ల్యాప్‌టాప్ అసలు లేదు, ఫోన్ ఒక్కటే ఉంది అని అడిగినవాళ్ళకి వేరే ఎపిసోడ్ చేస్తా, అందులో ఫోన్‌లోనే లైవ్ మిక్సింగ్ ఎంతవరకు కుదురుతుందో చూద్దాం. ఉంటాను మరి, బాయ్.